తుంటికి రెండో ఆపరేషన్: ఏకాండీనా, అతుకులా?

చెన్నై టి. నగర్‌లో తెలుగు కుటుంబాలు కలిసిన ఒక ఆదివారం సభలో ఎముకల సర్జన్ ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినపడుతోందా? సరే. ముందే చెబుతున్నాను, నేను మాట్లాడితే సగం తెలుగు, పావు తమిళం, పావు ఇంగ్లీషు వస్తుంది. ముప్పై ఏళ్లు మద్రాసులో ఉంటే అంతే మరి. మీ ఇళ్లల్లోనూ అంతేగా.

నన్ను పిలిచినవాళ్లు "తుంటి మార్పిడి గురించి నాలుగు ముక్కలు చెప్పండి డాక్టరు గారూ" అన్నారు. మొదటిసారి తుంటి మార్చడం గురించి చెప్పేవాళ్లకి కొదవ లేదు. పేపర్లో పేజీ పేజీ ప్రకటనలు వస్తున్నాయి. నేను దాని జోలికి పోను. అలా మార్చిన తుంటి పాడైతే ఏం చేస్తారు? ఎవరూ ప్రకటన వెయ్యని సంగతి అది. దాన్ని రివిజన్ అంటాం. అందులోనూ ఒక్క విషయం మీదే నిలబడతాను. ముక్కలు ముక్కలుగా వచ్చి, ఆపరేషన్ టేబుల్ మీద జోడించుకునే ఇంప్లాంట్లు ఉంటాయి. మాడ్యులర్ అంటాం. అవి ఎలా నిలుస్తున్నాయి, ఎక్కడ దెబ్బ తింటున్నాయి, అదీ సంగతి.

ఈ హాల్లో తుంటి మార్పించుకున్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఒకటి, రెండు... పదకొండు. అమ్మా, మోకాలు కాదు, తుంటి ఒక్కటే. అయితే తొమ్మిది. ఈ తొమ్మిదిమందిలో మీ లోపల ఉన్నది ఏ కంపెనీది, బాల్ సైజు ఎంత, చెప్పగలిగినవాళ్లు? ఒక్కరు. ఆ ఒక్కరు రిటైరైన ఇంజినీరే అయ్యుంటారు. అవునా? చూశారా. దీని దగ్గరికి మళ్లీ వస్తాను, మర్చిపోకండి.

ఇదిగో, ఈ ట్రేలో ఉన్నవి నమూనాలు. ఒక్కొక్కటీ చేతికి తీసుకుని పక్కవాళ్లకి అందించండి. పిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి, కాలి మీద పడితే మళ్లీ నా దగ్గరికే రావాలి.

తుంటి అంటే ఒక గిన్నె, ఆ గిన్నెలో తిరిగే బంతి. గిన్నె కటి ఎముకలో ఉంటుంది, బంతి తొడ ఎముక కొసన ఉంటుంది. మార్చేటప్పుడు గిన్నె స్థానంలో కప్పు పెడతాం. బంతిని కోసేసి, తొడ ఎముక మధ్యలో మూలుగ ఉండే కాలువలోకి ఒక లోహపు కాడ దించుతాం. దాన్ని స్టెమ్ అంటారు. స్టెమ్ కొసన కొత్త బంతి. ఇంతే. ఈ రోజు నా బాధంతా ఆ స్టెమ్‌తోనే.

ఈ పద్ధతిని నిలబెట్టినాయన జాన్ చార్న్‌లీ. ఇంగ్లండులో రైటింగ్టన్ అనే చోట, 1962లో. అంతకుముందు ఆయన కప్పుకి టెఫ్లాన్ వాడారు. అవునమ్మా, మీ దోసె పెనం మీద ఉండే టెఫ్లానే. జారుడుగా ఉంటుంది కదా అని. రెండు మూడేళ్లకే అరిగి పొడి పొడి అయిపోయింది. దాదాపు 300 మందికి వేసి ఉన్నారు. ఆ పొడి ఒంటికి ఏం చేస్తుందో తెలుసుకోవాలని ఆయన తన తొడలోనే టెఫ్లాన్ ముక్క పెట్టించుకున్నారు. టెఫ్లాన్ వదిలి పాలిథిలీన్‌కి మారారు. అలాంటి పెద్దమనిషి. ఆయన స్టెమ్ ఎలా ఉండేది? బంతీ కాడా కలిసి ఏకాండీగా, ఒకే ముక్క. అతుకు లేదు.

మరి అతుకు ఎక్కడి నుంచి వచ్చింది? అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. అయ్యా, పెద్ద డ్రిల్లింగ్ మెషీన్‌లో డ్రిల్ బిట్ ఎలా నిలబడుతుంది? స్క్రూ ఉంటుందా? ఉండదు. బిట్ వెనక కాస్త కోసుగా, అంటే కొసకి సన్నబడేలా, చెక్కిన కాడ ఉంటుంది, అదే కోసులో ఉన్న రంధ్రంలోకి ఒక్క దెబ్బ కొడితే బిగుసుకుంటుంది. మోర్స్ టేపర్. స్టీఫెన్ మోర్స్ అనే అమెరికావాడు 1860ల్లో కనిపెట్టాడు. మన పార పిడి కూడా అంతేగా! పిడి కొసని నేల మీద కుదేసి కొడితే బిగుసుకుంటుంది. సరిగ్గా ఆ కిటుకునే సర్జన్లు తెచ్చుకున్నారు. స్టెమ్ మెడ కోసుగా, బంతి లోపల అదే కోసు. దాంతో బంతి విడిగా, స్టెమ్ విడిగా తయారయ్యాయి. ఒకే స్టెమ్ మీద పెద్ద బంతి కావాలంటే పెద్దది, చిన్నది కావాలంటే చిన్నది పెట్టుకోవచ్చు. ఈ అతుకు ఇప్పుడు దాదాపు ప్రతి తుంటిలోనూ ఉంటుంది. మీ తొమ్మిదిమందిలోనూ ఉంటుంది. కంగారు పడకండి, చాలావరకు ఇది బాగానే పనిచేస్తుంది.

అసలు మార్చిన తుంటి ఎందుకు పాడవుతుంది? వదులవుతుంది, చీము పడుతుంది, బంతి జారిపోతుంది, పడితే చుట్టూ ఎముక విరుగుతుంది. ఈ నాలుగే ముఖ్యం. వదులవడం గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే అది పేషెంటుకి తెలియకుండా జరుగుతుంది. ప్లాస్టిక్ కప్పు అరిగి సన్నటి పొడి రాలుతుంది. దాన్ని తినడానికి మన రక్షణ కణాలు వస్తాయి. ప్లాస్టిక్ జీర్ణం కాదు కదా, వాటికి కోపం వస్తుంది, ఆ కోపం పక్కనున్న ఎముక మీద చూపిస్తాయి. చెద పట్టిన ద్వారబంధం చూశారా? పైన రంగు అంతా చక్కగా ఉంటుంది. వేలు పెట్టి నొక్కితే లోపలికి దిగిపోతుంది. ఎముకకి అదే జరుగుతుంది. నొప్పి ఉండదు. ఒకరోజు బాత్రూమ్‌లో కాలు జారుతుంది, అప్పుడు తెలుస్తుంది.

2019లో లాన్సెట్ పత్రికలో ఒక లెక్క వచ్చింది. తుంటి మార్పిడులు వంద తీసుకుంటే 58 దాకా పాతికేళ్లు నిలుస్తాయని. ఇది చిన్న విషయం కాదు. కానీ ఆ లెక్క ఏ దేశాలది? ఎక్కువమందికి అరవై దాటాక ఆపరేషన్ జరిగే దేశాలది. మన దగ్గర? నా ఓపీలో ముప్పై అయిదేళ్ల కుర్రాళ్లు వస్తారు. స్టెరాయిడ్ల వల్లో, తాగుడు వల్లో బంతికి రక్తం అందక ఎండిపోయి. కోవిడ్ తర్వాత ఇవి మరీ పెరిగాయి. వెన్నూ తుంట్లూ బిగుసుకుపోయే జబ్బుతో పాతికేళ్లకే వచ్చేవాళ్లూ ఉన్నారు. ముప్పై అయిదుకి మారిస్తే, పాతికేళ్లు నిలిచినా అరవై. అంటే మనవాళ్లకి రెండో ఆపరేషన్ అనేది ఎప్పుడో ఎవరికో వచ్చేది కాదు. లెక్క వేసుకుని ఉండాల్సింది.

సరే, రెండోసారి తెరిచాం. లోపల ఏముంటుంది? పాత స్టెమ్ ఉంటుంది. దాని చుట్టూ పైభాగంలో ఎముక గుల్లబారి, కోడిగుడ్డు పెంకులా పలచబడి ఉంటుంది. మొదటిసారి స్టెమ్ నిలబడింది ఆ పైభాగంలోనే. ఇప్పుడు అక్కడ పట్టు లేదు. ఎక్కడ ఉంది? కింద, తొడ మధ్యలో, మూలుగ కాలువ సన్నబడే చోట. ఎంత ఎముక మిగిలిందో చూసి తరగతులుగా విడదీసిన సర్జన్ వేన్ పాప్రోస్కీ. షికాగో ఆయన. ఆయన వర్గీకరణ అంతా మీకెందుకు గానీ, అందులో ఒక కొలత ఉంది: నాలుగు సెంటీమీటర్లు. ఆ సన్నటి చోట నాలుగు సెంటీమీటర్ల గట్టి ఎముక ఉందా, లేదా? ఉంటే పైనుంచి కిందిదాకా ఒకే లావుండే నిటారు స్టెమ్ పట్టుకుంటుంది. లేకపోతే దానికి పట్టు దొరకదు. ఆపరేషన్ ముందురోజు రాత్రి మేం ఎక్స్‌రే ముందు పెట్టుకుని కొలుచుకునేది ఆ నాలుగు సెంటీమీటర్లే.

నాలుగు లేకపోతే? దానికి దారి చూపించింది జర్మనీ ఆయన, హైన్జ్ వాగ్నర్. 1987లో. పల్లెటూరు ఎరిగినవాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. గేదెని కట్టే గూటం ఎలా చెక్కుతాం? కింద సన్నగా, పైకి లావుగా. కొడుతూ పోతే ఎక్కడో ఒకచోట బిగుసుకుంటుంది. ఎంత బరువు పడితే అంత బిగుస్తుంది. వాగ్నర్ స్టెమ్ అదే. టైటానియం గూటం. చుట్టూ నిలువునా సన్నటి గట్లు తేలి ఉంటాయి, తిరిగిపోకుండా అవి ఎముకని కరుచుకుంటాయి. గరుకుగా ఉంటుంది, ఎముక దాని మీదకి పెరుగుతుంది. బ్రహ్మాండమైన ఆలోచన. నా లెక్కలో రివిజన్ సర్జరీలో దాన్ని మించిన ఆలోచన లేదు.

కానీ చిక్కు ఎక్కడొచ్చిందంటే, అది ఏకాండీ. గూటం ఎక్కడ బిగుసుకుంటుందో కొట్టేదాకా తెలియదు కదా! ఒక సెంటీమీటరు పైనే ఆగిందనుకోండి, కాలు ఒక సెంటీమీటరు పొడవు. ఇంకా దించుదామని కొడితే ఎముక చీలుతుంది. పొడవు సరిపోవాలని సర్జన్ ముందే ఆపేశాడనుకోండి, పేషెంటు నడక మొదలుపెట్టాక అది మెల్లగా కిందికి దిగుతుంది. కాలు పొట్టి అవుతుంది, కండరాల బిగువు పోతుంది, బంతి జారుతుంది. ఆ తొలిరోజుల్లో కొందరికి సెంటీమీటరుకి పైగా దిగిపోయాయి. ఇంకోటి, తొడ ఎముక విల్లులా ముందుకి వంగి ఉంటుంది. ఆ వంపులో స్టెమ్ దిగేటప్పుడు తనకి వీలైనట్టు తిరుగుతుంది. అది తిరిగిన వైపుకే బంతీ తిరుగుతుంది. మన చేతిలో ఏముంది?

ఇక్కడ వచ్చింది మాడ్యులర్. ఇందాక మీ చేతుల్లోకి వెళ్లిన దాన్ని చూడండి, ఆ పొడుగాటిది. మెల్లగా తిప్పితే రెండు ముక్కలుగా వస్తుంది. కిందిది గూటం. దాన్ని తన దారిన బిగుసుకోనిస్తాం. ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆగనీ, ఎటు తిరుగుతుందో అటే తిరగనీ. తర్వాత పైముక్క. పొట్టిదీ, పొడుగుదీ, లావుదీ, సన్నదీ ట్రేలో వరసగా ఉంటాయి. కాలు పొడవు చూసుకుని ఒకటి ఎంచుకుంటాం. బంతి ఏ వైపుకి చూడాలో అటు తిప్పి, బిగిస్తాం. కిందిది ఎముక చెప్పినట్టు వింటుంది, పైది మేం చెప్పినట్టు వింటుంది. ఒక సర్జన్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

ఫలితాలు ఎలా ఉన్నాయి? అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 2017లో తమ కేసుల లెక్క అచ్చు వేశారు. 500కి పైగా రివిజన్లు, అన్నీ ఈ రకం మాడ్యులర్ గూటం స్టెమ్‌లతోనే, అన్నీ చీము లేని కేసులే. పదేళ్లకి నూటికి తొంభై అయిదుకి పైగా స్టెమ్‌లు వాటి చోట్లో అవి ఉన్నాయి. పాడైపోయిన ఎముకలో వేసినవి, పదేళ్లకి అంత నిలబడటం మాటలా! నేను చదువుకునే రోజుల్లో రివిజన్ అంటే, స్టెమ్‌ని ఎముకకి పట్టించే సిమెంటు ఉంటుంది కదా, దాని మీద మళ్లీ సిమెంటు పొయ్యడమే. వాటి గతి నేను కళ్లారా చూశాను.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. "స్టెమ్ నిలిచింది" అనేది ఒక మాట, "పేషెంటు బాగున్నాడు" అనేది ఇంకో మాట. స్టెమ్ చెక్కుచెదరకుండా ఉంటుంది, బంతి జారిపోయి మళ్లీ టేబుల్ ఎక్కుతారు. చీము పట్టి ఎక్కుతారు. స్టెమ్ దించేటప్పుడే ఎముక చీలి తీగ చుట్టాల్సి వస్తుంది. మొదటి ఆపరేషన్‌తో పోలిస్తే రివిజన్‌లో బంతి జారడం పలు రెట్లు ఎక్కువ. కాబట్టి ఎవరైనా వచ్చి "మా ఇంప్లాంట్ పదేళ్లకి 96 శాతం" అంటే, దేనికి 96 అని అడగండి. మమ్మల్ని కూడా అడగండి. మేం కొంచెం ఇబ్బంది పడతాం, పర్వాలేదు.

ఇంకో మెలిక. వాగ్నర్ తర్వాత ఏకాండీ స్టెమ్‌లు కూడా మెరుగుపడ్డాయి. మేం కూడా వాటిని దించడం నేర్చుకున్నాం. ఏకాండీకీ మాడ్యులర్‌కీ పోటీ పెట్టి చూసిన అధ్యయనాలు చాలా వచ్చాయి. తీరా చూస్తే? మళ్లీ ఆపరేషన్ చెయ్యాల్సి రావడంలో రెండిటికీ పెద్ద తేడా కనపడలేదు. ఏకాండీది ధర తక్కువ. అతుకు లేదు కాబట్టి అతుకు దగ్గర విరగదు. మరి మాడ్యులర్ ఎందుకు? అక్కడికే వస్తున్నాను. అంతకన్నా ముందు నా తప్పు ఒకటి చెప్పాలి.

ఒకాయన. లారీల వ్యాపారం. అప్పటికి యాభై ఎనిమిదేళ్లు, తొంభై ఆరు కిలోలు. పాత స్టెమ్ వదులైంది, పైన ఎముక దాదాపు లేదు. పాతది తియ్యడానికి తొడ ఎముక పక్క నుంచి పలక తెరిచినట్టు తెరిచి, మళ్లీ మూసి తీగలు చుట్టాను. మాడ్యులర్ వేశాను. మూడో నెలకి కర్ర లేకుండా నడిచాడు. ఆయన కూతురి పెళ్లికి నన్ను పిలిచారు, వెళ్లాను, భోజనం చేసి వచ్చాను. నాలుగేళ్లకి, ఆటో దిగుతూ ఉంటే లోపల "టక్" మందట. కింద పడలేదు. దిగాడు, అంతే. ఎక్స్‌రే చూస్తే, కిందిముక్క రాయిలా ఉంది, ఒక్క మిల్లీమీటరు కదల్లేదు. పైముక్క వేరుగా ఉంది. అతుకు దగ్గర విరిగింది.

ఎందుకు విరిగింది? పెళ్లి పందిరి గుంజని నేలలో గట్టిగా పాతుతాం. గాలి వస్తే ఎక్కడ విరుగుతుంది? మధ్యలో విరగదు. మట్టి పట్టు అయిపోయి గుంజ బయటికి వచ్చే చోట విరుగుతుంది. నేను తెరిచిన పలక సరిగ్గా అతకలేదు. కింద ఎముక పట్టు ఉంది, పైన లేదు. రెండిటి మధ్య సరిగ్గా నా అతుకు ఉంది. బెర్లిన్‌లో జార్జ్ బెర్గ్‌మన్ బృందం ఇంప్లాంట్ లోపలే కొలిచే పరికరం పెట్టి పేషెంట్లని నడిపించింది. మామూలు నడకలో తుంటి మీద ఒంటి బరువుకి దాదాపు రెండున్నర రెట్లు పడుతుంది. కాలు తొట్రుపడితే ఏడు రెట్లు దాటింది. మా పేషెంటు తొంభై ఆరు కిలోలు. ఒక్కో అడుగుకి రెండు వందల నలభై కిలోలు. రోజుకి నాలుగు వేల అడుగులు అనుకున్నా, ఒక తుంటికి ఏడాదికి ఏడు లక్షల దెబ్బలు. అదే చోట. లోహం ఒక్క దెబ్బకి విరగదు, ఇలా అలిసిపోయి విరుగుతుంది. మీరు ఇనుప తీగని అటూ ఇటూ వంచి తెంపుతారు చూడండి, అదే.

అసలు మాట చెప్పనా? నేను వాడిన స్టెమ్ కొంచెం సన్నది. ఆ రోజు ట్రేలో అంతకన్నా ఒక సైజు లావుది ఉంది. ఎముక చీలుతుందేమోనని భయపడి వెయ్యలేదు. లావు మనిషి, పైన ఎముక లేకపోవడం, సన్నటి స్టెమ్, అతకని పలక. ఈ నాలుగూ కలిస్తే అతుకు విరుగుతుందని ఇప్పుడు ప్రపంచమంతా రాస్తున్నారు. ఆ కిందిముక్కని బయటికి తియ్యడానికి నాకు ఆరు గంటలు పట్టింది. గట్టిగా పట్టిన స్టెమ్‌ని తియ్యడం కంటే వదులైనదాన్ని తియ్యడం వెయ్యి రెట్లు నయం.

అతుకులో తుప్పు

విరగడం ఒక్కటే కాదు. ఇంకో బాధ ఉంది. మన మద్రాసు ఇళ్లల్లో బోరు నీళ్లు ఉప్పు. ఇనుప పైపుకి ఇత్తడి కుళాయి బిగిస్తే రెండేళ్లకి ఎక్కడ తుప్పు పడుతుంది? ఆ కలిసిన చోటే. రెండు లోహాలు, మధ్యలో ఉప్పు నీళ్లు. మన ఒంట్లో ఉన్నదేమిటి? ఉప్పు నీళ్లే. దానికి తోడు ప్రతి అడుగుకీ ఆ అతుకులో కంటికి కనపడని కదలిక. పైన రక్షణగా ఏర్పడిన పొర గీరుకుపోతుంది, మళ్లీ ఏర్పడుతుంది, మళ్లీ గీరుకుపోతుంది.

కొన్ని కంపెనీలు బంతి దగ్గర ఒక అతుకు చాలదన్నట్టు మెడ దగ్గర కూడా ఒకటి పెట్టాయి. మొదటిసారి తుంటి మార్చేవాళ్లకి! స్టెమ్ టైటానియం, మెడ కోబాల్ట్ క్రోమ్. స్ట్రైకర్ కంపెనీ రెజువెనేట్, ఏబీజీ టూ అనే రెండు రకాలని 2012లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. కారణం ఆ మెడ అతుకులో అరుగుదల, తుప్పు. ఆస్ట్రేలియా రిజిస్ట్రీ, అంటే మార్చిన కీళ్ల లెక్క రాసుకునే దేశం చిట్టా, చూస్తే, మెడ విడిగా ఉండే స్టెమ్‌లు మామూలు వాటికంటే దాదాపు రెండింతలు ఎక్కువగా మళ్లీ ఆపరేషన్‌కి వచ్చాయి. అక్కడ ఎముక మొత్తం చక్కగా ఉంది. ఆ అతుకు లేకపోయినా పని జరిగిపోయేది. ఎందుకు పెట్టారు? పెట్టగలిగారు కాబట్టి పెట్టారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఈ తుప్పు ఎలా బయటపడుతుంది? గజ్జల్లో నొప్పి, కొందరికి వాపు. సూది పెట్టి లాగితే చీములాంటి నీళ్లు వస్తాయి. కల్చర్‌కి పంపితే సూక్ష్మజీవి ఉండదు. చీము అనుకుని ఆరు వారాలు యాంటీబయాటిక్స్ వాడి, ఆఖరికి నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. రక్తంలో కోబాల్ట్, క్రోమియం ఎంతున్నాయో పరీక్ష చేస్తే దారి తెలుస్తుంది. అతుకు తుప్పులో సాధారణంగా క్రోమియం కంటే కోబాల్ట్ ఎక్కువ కనపడుతుంది. కోబాల్ట్ అనగానే ఏఎస్ఆర్ అనే తుంటి ఇంప్లాంట్ గుర్తొస్తుంది మీకు. డిప్యూ కంపెనీది, 2010లో వెనక్కి తీసుకున్నారు, ప్రపంచం మొత్తం మీద దాదాపు 93,000 మందికి వేశారు, మన దేశంలో 4,700 దాకా. అది బంతీ కప్పూ రెండూ లోహమే కావడం వల్ల వచ్చిన గొడవ, మెడ అతుకు కథ వేరు. ఆ నష్టపరిహారం గోల మీరు పేపర్లో చదివే ఉంటారు.

రివిజన్ స్టెమ్‌లో మధ్య అతుకు ఎక్కువగా టైటానియంకి టైటానియమే. అందుకని తుప్పు తక్కువ. కానీ టైటానియంకి ఒక గుణం ఉంది, గీత పడితే ఓర్చుకోదు. చిన్న గీత నుంచే పగులు మొదలవుతుంది. అందుకే ఇప్పుడు ఆ అతుకు ఉపరితలాన్ని నొక్కి గట్టిపరచి తయారు చేస్తున్నారు. మొదటి తరం వాటికంటే ఇవి నయం.

మీకొక చిన్న దృశ్యం చెబుతాను. పైముక్క బిగించే నిమిషం. కిందిముక్క కోసు లోపలికి నీళ్లు కొట్టి కడుగుతాం. గాజుగుడ్డతో తుడుస్తాం. మళ్లీ పొడిగుడ్డతో తుడుస్తాం. అప్పుడు మా స్టాఫ్ నర్సు టార్చి వేసి చూస్తుంది. ఒక చుక్క రక్తమో, ఒక కొవ్వు చారో కనపడితే "సార్, ఇన్నొరు వాటి" అంటుంది. ఇంకోసారి అని. పెద్ద డాక్టరుని నేను, కిమ్మనకుండా ఇంకోసారి తుడుస్తాను. ఎందుకంటే ఆ చుక్క ఉంటే కోసు పూర్తిగా కూర్చోదు. కూర్చోకపోతే కదులుతుంది, కదిలితే గీరుకుంటుంది, నాలుగేళ్ల తర్వాత ఆటో దిగుతూ ఉంటే "టక్" మంటుంది. తర్వాత బోల్టుని కొలత రెంచితో కంపెనీ చెప్పినంత బిగువుకి బిగిస్తాం. చేతి అంచనా పనికిరాదు. పేషెంటుకి ఇవేమీ తెలియవు. కుట్లు బాగా వేశారా అని మాత్రం అడుగుతారు.

మరి ఏది వెయ్యాలి?

ఇది నా అభిప్రాయం, ఈ హాల్లో ఇంకో సర్జన్ ఉంటే ఒప్పుకోకపోవచ్చు. తొడ ఎముక కొంచెమే దెబ్బతింది, నాలుగు సెంటీమీటర్లకి మించి గట్టి ఎముక ఉంది, రూపం మారలేదు. అలాంటప్పుడు ఏకాండీ. అతుకు కొని తెచ్చుకోవడం దేనికి? ఎముక బాగా పోయింది, తొడ వంకర తిరిగింది, లేదా పడి ఇంప్లాంట్ చుట్టూ ఎముక విరిగి స్టెమ్ కూడా ఊడింది. అలాంటప్పుడు మాడ్యులర్. అక్కడ అతుకు లేకపోతే కాలు పొడవు, బంతి దిశ రెండూ దేవుడి మీద వదిలెయ్యాలి. ఆ లారీల ఆయనకి కూడా నేను మళ్లీ మాడ్యులరే వేశాను. ఈసారి లావుది, పైన దాత ఎముక పలకలు పెట్టి కట్టి. తొమ్మిదేళ్లయింది, నడుస్తున్నాడు. బరువు మాత్రం తగ్గలేదు, ఎంత చెప్పినా.

ఇందాక మీ లోపల ఉన్నది ఏ కంపెనీది, బాల్ సైజు ఎంత అని అడిగాను కదా, ఇప్పుడు ఆ సంగతి. ప్రతి ఇంప్లాంట్ డబ్బాలోనూ స్టిక్కర్లు ఉంటాయి. కంపెనీ పేరు, సైజు, నంబరు. ఆపరేషన్ నోట్సులో అంటిస్తాం, పేషెంటు ఫైల్‌లోనూ అంటిస్తాం. నాయుడుపేట దగ్గర నుంచి ఒక రైతు వచ్చాడు. పదిహేడేళ్ల కిందట వేరేచోట చేయించుకున్న తుంటి. అడిగితే ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, దాని మధ్యలో మడత పెట్టి ఆ స్టిక్కర్ల కాగితం. పసుపు మరక పడింది గానీ నంబర్లు కనపడుతున్నాయి. కప్పు ప్లాస్టిక్ అరిగింది, స్టెమ్ గట్టిగా ఉంది. ఆ నంబర్ల వల్ల మెడ కోసు కొలత తెలిసింది. కప్పు లోపల పెట్టే ప్లాస్టిక్ లైనర్ సరిపోయేది, టైటానియం తొడుగు ఉన్న సిరామిక్ బంతి తెప్పించాం. స్టెమ్‌ని ముట్టుకోలేదు. గంటన్నరలో అయిపోయింది, నాలుగో రోజు పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఇంటికి. కాగితం లేకపోతే? ఒక్కో కంపెనీ కోసు ఒక్కో కొలత. అది తెలియక, గట్టిగా ఉన్న స్టెమ్‌ని బద్దలు కొట్టి తియ్యాల్సి వచ్చేది. అంటే ఆ మనిషికి అతుకు వల్ల మేలే జరిగింది. బంతి ఊడదీసి మార్చగలిగామంటే బంతి విడిగా ఉండబట్టే కదా.

స్వీడన్‌వాళ్లు 1979 నుంచి తుంటి మార్పిడులకి లెక్క రాసుకుంటున్నారు. మనకి కీళ్ల సర్జన్ల సంఘం రిజిస్ట్రీ ఉంది గానీ, అందరూ అందులో రాయరు. అందుకని ప్రస్తుతానికి మీ రిజిస్ట్రీ మీ బీరువాలోనే.

చీటీలు వచ్చినట్టున్నాయి. చూస్తాను. "రివిజన్ అయ్యాక నేల మీద కూర్చోవచ్చా?" వద్దండీ. మొదటి ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి సర్జన్ని బట్టి ఒప్పుకుంటాం, రెండోదానికి నేను ఒప్పుకోను. పీట కూడా వద్దు. వ్రతానికి కుర్చీలో కూర్చోండి, సత్యనారాయణస్వామి ఏమీ అనుకోడు. "మోకాలికి ధర తగ్గించారు, తుంటికి తగ్గించలేదా?" 2017లో పరిమితి పెట్టింది మోకాలి ఇంప్లాంట్లకి. రివిజన్ స్టెమ్ ఖరీదు విడిగా అడిగి రాయించుకోండి. మాడ్యులర్‌లో ప్రతి ముక్కకీ ఒక బిల్లు ఉంటుంది. "విమానాశ్రయంలో మోగుతుందా?" మోగుతుంది, చెబితే పంపిస్తారు.

"నొప్పి లేకపోయినా ఎక్స్‌రే తీయించాలా?" దీనికే కదమ్మా ఇందాక చెద గురించి చెప్పింది. మాడ్యులర్ ఉన్నవాళ్లు ఏడాదికొకసారి. మిగతావాళ్లు మీ సర్జన్ చెప్పినట్టు, కానీ బొత్తిగా మానేయకండి.

ఆఖరి చీటీ. "మా అమ్మ ఎక్స్‌రే తెచ్చాను, చూస్తారా?" ఎవరమ్మా? ఇటు తీసుకురండి. ఆ కిటికీ తెర కొంచెం జరపండి బాబూ. ఇది ఏ సంవత్సరంది? 2016. తర్వాతది? ఇదే ఆఖరా? నొప్పేం లేదంటున్నారా. అమ్మ వచ్చారా మీతో? ఆ మూడో వరసలో ఉన్నావిడా. సరే, దీని గురించి మైకులో వద్దు. నేనే కిందికి వస్తున్నాను. ఈ మైకు ఎవరైనా తీసుకోండి.